టవరు అక్కర్లేని మాట

పార్లమెంటు సమావేశాలు సాగే రోజుల్లో నా పని రాత్రి పదకొండు దాటితే గాని తెమలదు. నాయకులు అన్నవి, అని ఆ తర్వాత అనలేదన్నవి, ఒకరు అన్నారని మరొకరు చెప్పినవి పగలంతా వినివిని చెవులు అలిసిపోతాయి. ఆపైన ఒక గంటసేపు నేను చేసే పనిలో ఎవరి గొంతూ వినిపించదు. ఢిల్లీలో నేనుండే ఇంటి మేడమీద నీళ్ళ ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా పది మీటర్ల తీగ కట్టి ఉంది. కింద గదిలో ఒక చిన్న రేడియో పెట్టె, దానికి కలిపిన లాప్‌టాప్. దీన్ని అమెచ్యూర్ రేడియో అంటారు, ఈ పని చేసేవాళ్ళను హామ్‌లంటారు. ప్రభుత్వ పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సొంత ట్రాన్స్‌మీటరుతో ప్రపంచంలోని తమలాంటివాళ్ళను పలకరించేవాళ్ళు. ఇందులో డబ్బు ప్రసక్తి లేదు, ఉండకూడదు కూడా. నేను రాసేవి రాజకీయాలు. ఇదీ చివరికి రాజకీయంలోకే వెళ్తుంది గాని, ముందు ఆ సరదా ఏమిటో చెప్పనివ్వండి.

హామ్ అనగానే చాలామందికి చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో మైకు, "హలో, వినిపిస్తోందా" అనే కేక గుర్తుకొస్తాయి. నేను ఎక్కువగా వాడేది ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి. ఇందులో కాలాన్ని పదిహేను సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక ముక్కలో పంపుతాను, తర్వాతి ముక్కలో వింటాను. పంపడానికి పట్టేది సరిగ్గా 12.64 సెకన్లు. ఆ కాసేపట్లో ఎనిమిది స్వరాలు ఒకదాని వెంట ఒకటి మారుతూ, వేణువు కొత్తగా పట్టిన పిల్లవాడి సాధనలా వినిపిస్తాయి. ఆ స్వరాల్లో ఇమిడేది 77 బిట్ల సమాచారం మాత్రమే. నా కాల్‌సైన్, ఎదుటివారి కాల్‌సైన్, నేనున్న చోటు గుర్తు లేదా వారి సిగ్నల్ నాకు ఎంత బలంగా అందిందన్న అంకె. సొంతంగా ఏదైనా రాయదలిస్తే పదమూడు అక్షరాలు, అంతే.

సంభాషణ ఇలా నడుస్తుంది. "ఎవరైనా ఉన్నారా? నేను ఫలానా, ఫలానా చోటి నుంచి" అని పిలుస్తాను. ఎక్కడో ఒకరు తన కాల్‌సైన్‌తో బదులిస్తారు. మీ సిగ్నల్ మైనస్ 14 అని నేనంటాను. అందింది, మీది మైనస్ 17 అని ఆయన అంటారు. సరే అని నేను, 73 అని ఆయన. టెలిగ్రాఫు గుమస్తాల కాలం నుంచి 73 అంటే శుభాకాంక్షలు. మొత్తం నిమిషంన్నరలో ముగుస్తుంది. ఆ మైనస్ అంకె డెసిబెల్స్‌లో లెక్క. మైనస్ 20 అంటే వచ్చిన సిగ్నల్ దాని చుట్టూ ఉన్న రొదలో నూరో వంతు అన్నమాట. చెవి ఒగ్గి ఎంతసేపు కూర్చున్నా మనిషికి అది వినపడదు. కంప్యూటరు మాత్రం ఆ రొదను జల్లెడపట్టి ఒక పేరును బయటికి తీస్తుంది. 2017లో దీన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరు జో టేలర్. పల్సార్ల మీద చేసిన పనికి 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవాడు. అంతరిక్షపు రొదలో నక్షత్రాల టిక్కుటిక్కులను వెతికిన మనిషి, వయసు మళ్ళాక చిన్న రేడియోవాళ్ళు ఒకరినొకరు వినడానికి సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా ఇచ్చాడు.

నా ట్రాన్స్‌మీటరు పంపేది ఇరవై వాట్లు, ఇంట్లో ఒక ఎల్‌ఈడీ బల్బు తినేంత కరెంటు. దానితోనే సిసిలీ, కజకిస్తాన్, హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి, కొన్ని అదృష్టపు తెల్లవారుజాముల్లో బ్రెజిల్ నా లాగ్‌బుక్కులోకి వచ్చాయి. మధ్యలో టవరు లేదు, ఉపగ్రహం లేదు, సముద్రగర్భంలో కేబుల్ లేదు. భూమికి రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున సూర్యకాంతి తగిలి విద్యుదావేశం పొందిన గాలిపొర ఉంటుంది, అయనావరణం. తరంగం దాన్ని తాకి వంగి కిందికి దిగుతుంది, నేలను తాకి మళ్ళీ లేస్తుంది. తిరుపతి దగ్గర గాదంకిలో వెయ్యికి పైగా యాంటెన్నాలు పరిచి మన శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఆకాశపు పొరలను గమనిస్తున్నది ఇలాంటి వింతల కోసమే. సూర్యుడి మీద మచ్చలు పెరిగితే ఈ పొర బలపడుతుంది. సౌరచక్రం ఉచ్చదశకు చేరిందని 2024 అక్టోబరులో నాసా ప్రకటించింది. ఆ శీతాకాలంలో నాకు నిద్ర తక్కువైంది.

పాత హామ్‌లలో దీన్ని ఈసడించేవారున్నారు. రెండు కంప్యూటర్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో మీ పనేమిటి, కాఫీ కలుపుకోవడమా అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. మోర్స్‌లో ఎదుటివాడి చేతివాటం తెలుస్తుంది, గొంతులో జలుబు తెలుస్తుంది, ఇందులో ఏదీ తెలియదు. కాని నాకు ఇందులో నచ్చిందే అది. మా వృత్తిలో ప్రతి మాటకూ వెనుక ఉద్దేశం ఉంటుంది, ఉద్దేశం వెనుక లెక్క ఉంటుంది. ఇక్కడ ఎదుటి మనిషి చెప్పేది ఒక్కటే: నువ్వు నాకు ఇంత మేరకు వినిపించావు. దాన్ని అతిశయోక్తిగా చెప్పడానికీ వీలులేదు, దాచడానికీ వీలులేదు. పైగా అంతర్జాతీయ నిబంధనల ప్రకారం హామ్‌ల మాటలు సాంకేతిక విషయాలకూ, వ్యక్తిగతమైన చిన్న పలకరింపులకూ పరిమితం కావాలి. రాజకీయం, మతం ఎత్తకూడదన్నది వాళ్ళ మధ్య పాత మర్యాద. రోజుకు ఒక గంట రాజకీయం మాట్లాడకూడదన్న నిబంధన కింద బతకడం ఎంత హాయిగా ఉంటుందో మా వృత్తిలోని వారికే తెలుస్తుంది.

ఇక లైసెన్సు సంగతి. మన దేశంలో పన్నెండేళ్ళు నిండిన ఎవరైనా ఈ పరీక్ష రాయవచ్చు. కొంత విద్యుత్ శాస్త్రం, కొంత నిబంధనలు, జనరల్ గ్రేడు కావాలంటే మోర్స్ కూడా. పాసైతే చిరునామా రుజువు, పోలీసు విచారణ, ఆ తర్వాత వీయూ అక్షరాలతో మొదలయ్యే ఒక కాల్‌సైన్. అమెరికాలో ఏడు లక్షలకు పైగా హామ్‌లున్నారు. మన లెక్క ఇంకా వేలలోనే ఉంది. మన పరీక్ష కష్టమైనదేమీ కాదు. ట్రాన్స్‌మీటరు అనే వస్తువును పౌరుడి చేతిలో చూస్తే మన ప్రభుత్వాలకు మొదటినుంచీ ఒక బెరుకు ఉంది, ఆ బెరుకుకు చరిత్రా ఉంది. 1939లో యుద్ధం మొదలుకాగానే బ్రిటిషు ప్రభుత్వం ఇక్కడి హామ్‌లందరినీ తమ ట్రాన్స్‌మీటర్లను పోలీసులకు అప్పగించమంది. మూడేళ్ళకు, క్విట్ ఇండియా రోజుల్లో, ఉషా మెహతా, ఆమె సహచరులు బొంబాయిలో ఇళ్ళు మారుస్తూ 42.34 మీటర్ల మీద కాంగ్రెస్ రేడియో నడిపారు. నవంబరులో పట్టుబడేదాకా అది వినిపిస్తూనే ఉంది. అనుమతిలేని ఒక ట్రాన్స్‌మీటరు ఏం చేయగలదో అనుభవంతో తెలిసినవాళ్ళే స్వాతంత్ర్యం తర్వాత లైసెన్సులిచ్చే కుర్చీల్లో కూర్చున్నారు. ఆ తెలివిడి వల్ల వాళ్ళు ఉదారులు కాలేదు, జాగ్రత్తపరులయ్యారు.

మధ్యలో ఒక విచిత్రమైన వెసులుబాటు వచ్చింది. విమానం నడిపే రోజుల్లోనే రేడియో మీద మోజు పెంచుకున్న రాజీవ్ గాంధీ స్వయంగా హామ్, కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ. సోనియా గాంధీకీ ఒకటుంది, వీయూ2ఎస్‌ఓఎన్. ఆయన కాలంలోనే ఈ పరికరాల దిగుమతి సుంకం ఎత్తివేశారు. నాయకుడి సొంత సరదా విధానంగా మారడం మంచి సంప్రదాయమని నేననను గాని, ఈ ఒక్క విషయంలో ఫలితం మేలే చేసింది. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఆ ఊపులోనే పెరిగింది. తెలుగునాట హామ్ అంటే ఏమిటో వందలమందికి నేర్పిన చోటు సోమాజిగూడలోని ఆ సంస్థ.

ఆ సంస్థ చేసిన పనుల్లో ఒకటి నాకు మరీ ముఖ్యం. అండమాన్, నికోబార్ దీవుల నుంచి హామ్‌లు ప్రసారం చేయడం 1987 తర్వాత ఆగిపోయింది. భద్రతా కారణాలు అన్నారు. ప్రపంచంలోని హామ్‌లందరికీ అండమాన్ అందని చందమామ అయింది. హైదరాబాదు సంస్థ తరఫున భారతీ ప్రసాద్ ఏళ్ళ తరబడి ఢిల్లీ కార్యాలయాల చుట్టూ తిరిగి, చివరికి 2004 డిసెంబరులో ఒక చిన్న బృందంతో పోర్ట్ బ్లెయిర్‌లో తీగలు కట్టే అనుమతి తెచ్చుకున్నారు. వాళ్ళు వెళ్ళింది సరదాకే, అంటే వీలైనన్ని దేశాలతో మాట కలపడానికి. డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది, ఆ వెనుక సముద్రం వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. అప్పుడు దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య కబుర్లు మోసిన దారుల్లో ఆ సరదా రేడియో ఒకటి. ఫలానావారు క్షేమం, ఫలానావారి జాడ లేదు అన్న కబుర్లు ఆ తీగ మీదుగా వెళ్ళాయి. పదిహేడేళ్ళు ఏ వస్తువును ప్రమాదకరమనుకుని దూరం పెట్టారో, ఆ వస్తువు అక్కడ ఉండటం పూర్తిగా యాదృచ్ఛికం. ఒక మహిళ మొండిపట్టు, ఒక గుమస్తా సంతకం, సునామీకి కొద్ది వారాల ముందు కుదిరాయి. అవి ఒక నెల ఆలస్యమై ఉంటే? ప్రభుత్వ విధానం గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్న నన్ను వదలదు.

ఇప్పుడు బస్తర్‌కు రావాలి. హామ్‌లు తామున్న చోటును ఊరిపేరుతో చెప్పరు. భూగోళాన్నంతా గళ్ళుగా గీసుకున్న పద్ధతి ఒకటుంది. 1980లో ఇంగ్లండులోని మెయిడెన్‌హెడ్ అనే ఊళ్ళో కుదిరింది కనుక ఆ పేరే పడింది. రెండు డిగ్రీల రేఖాంశం, ఒక డిగ్రీ అక్షాంశం కలిస్తే ఒక గడి, మన వైపు దాదాపు రెండు వందల కిలోమీటర్ల పొడవు, నూటపది వెడల్పు. ఢిల్లీ ఎంఎల్88. హైదరాబాదు ఎంకే97. దాని పక్క గడి ఎన్‌కే07. ఈ ఎన్‌కే07లో తెలంగాణలోని భద్రాచలం ఉంది, ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు ఉంది, ఛత్తీస్‌గఢ్‌లోని కొంటా ఉంది, శబరి ఒడ్డున ఒడిశా చిట్టచివరి ఊరు మోటు ఉంది. నాలుగు రాష్ట్రాలు ఒక గడిలో. 2014లో పోలవరం కోసం మండలాలను అటు నుంచి ఇటు మార్చినప్పుడు చింతూరు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్ళింది, గడి మారలేదు. ఆ గడి ఉత్తరపు అంచు పద్దెనిమిదో డిగ్రీ. ఆ అంచుకు చేరువలో గొల్లపల్లి ఉంది.

పేరు వింటే మన జిల్లాల్లోని ఏ గొల్లపల్లో అనుకుంటారు. సుక్మా జిల్లా కొంటా ప్రాంతంలోని ఊరు ఇది, హిందీ కాగితాల్లో గోలాపల్లి. ఇక్కడి దోర్లలు, కోయలు ఇంట్లో తమ భాష, సంతలో తెలుగు, కచేరీలో హిందీ మాట్లాడతారు. 2005 తర్వాత సల్వాజుడుం రోజుల్లో కొంటా పల్లెలు ఎన్నో ఖాళీ అయ్యాయి, జనం గోదావరి అడవుల్లోకి దాటి వచ్చారు. సల్వాజుడుం పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తేల్చింది. దాటి వచ్చినవారిలో కొందరు తిరిగి వెళ్ళారు, కొందరు ఇటే ఉండిపోయారు. ఒకే కుటుంబంలో అన్నకు ఒక రాష్ట్రం ఆధార్, తమ్ముడికి ఇంకో రాష్ట్రం ఆధార్ ఉండటం అక్కడ వింతేమీ కాదు.

2023 నవంబరు 7న ఛత్తీస్‌గఢ్ తొలి విడత పోలింగులో కొంటా కూడా ఉంది. దానికి వారం ముందు కొంటా నుంచి మరాయిగూడ మీదుగా గొల్లపల్లి దారిన వెళ్ళాను. రేడియో పెట్టెను ఢిల్లీలోనే వదిలాను. లైసెన్సు ఆ చిరునామాకు ఇచ్చింది, పైగా ఆ దారిలో దాన్ని సంచిలో పెట్టుకుని తిరగడమంటే తెలివిగలవాళ్ళు చేసే పని కాదు. దారిలో ఒక శిబిరం దగ్గర సంచి మొత్తం బల్ల మీద బోర్లించి, మర్యాదగానే అడిగారు: "వైర్‌లెస్ లాంటిదేమీ లేదు కదా?"

గొల్లపల్లికి ఇవతల ఒక ఊరి బయట ఇప్పచెట్టు కింద నలుగురు కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకడు కొమ్మల్లో కూర్చుని ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. అక్కడినుంచి తెలంగాణ వైపు టవరు ఒక గీత, గాలి బాగుంటే రెండు గీతలు అందుతుందట. కింద ఉన్నవాడు భద్రాచలం హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాడు. మాటల్లో నేను సిగ్నల్ వెతకడమే నాకూ రాత్రిపూట పని అన్నాను. నవ్వి ఎట్లా అన్నాడు. నా ఫోనులో ఒక పటం దాచి ఉంది. మన సిగ్నల్ ఎక్కడెక్కడ అందిందో చుక్కలు పెట్టి చూపే పటం, ఢిల్లీ నుంచి నాలుగు దిక్కులా గీతలు. చాలాసేపు చూశాడు.

"దీనికి టవరెక్కడుంటది సార్?"

టవరు లేదన్నాను.

"మరి రీచార్జి?"

అదీ లేదన్నాను. తీగ, బ్యాటరీ, ఒక పెట్టె, కంప్యూటరు చాలన్నాను. పరీక్ష, లైసెన్సు సంగతి చెప్పాను. చెట్టుమీద ఉన్నవాడు కూడా కిందికి దిగి విన్నాడు. ఇంటర్ కుర్రాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "ఇక్కడ తీగ కడితే ముందు ఎవరొస్తరు సార్, వీళ్ళా, వాళ్ళా?"

నా దగ్గర జవాబు లేదు. నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం. బస్తర్‌లో వైర్‌లెస్ అన్న మాటకు రెండే అర్థాలు స్థిరపడ్డాయి. జవాను భుజాన ఉన్నది ఒకటి, అడవిలో దళం చేతిలో ఉన్నది ఇంకొకటి. ఎదురుకాల్పుల తర్వాత విలేఖరుల ముందు బల్లమీద పరిచే వస్తువుల్లో తుపాకుల పక్కన వాకీటాకీలు తరచూ కనిపిస్తాయి. ఈ రెండింటికీ చెందని మూడో వైర్‌లెస్, ఎవరి పక్షానా లేని ఒక కుర్రాడి సరదా, అక్కడ ఎవరి ఊహలోనూ లేదు. సరదా అనేది కూడా ఒక హోదా అని నాకు అక్కడ అర్థమైంది. ఢిల్లీలో నా తీగను చూసి ఇంటి యజమాని అడిగింది ఒకే ప్రశ్న, పిడుగులు పడవు కదా అని.

మాట పంపే హక్కు కోసం బస్తర్‌లో ప్రయత్నాలు జరగలేదని కాదు. బీబీసీలో పనిచేసి వచ్చిన శుభ్రాంశు చౌధరి 2010లో సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోను వస్తుంది, గోండీలోనో హిందీలోనో తన ఊరి సంగతి చెప్పి రికార్డు చేయవచ్చు, ఇతరులు చెప్పినవి వినవచ్చు. రేషను రాలేదని, టీచరు రావడం లేదని, చేతిపంపు పాడైందని జనం చెప్పారు. చదువు అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ తర్వాత ఫోన్లలో బ్లూటూత్ ద్వారా కార్యక్రమాలు చేతులు మారేలా బుల్టూ రేడియో అన్నారు. ఆ తెలివిని నేను మెచ్చుకుంటాను. కాని దానికీ ఒక ఫోను కంపెనీ కావాలి, చెట్టెక్కి వెతికే ఆ ఒక్క గీతా కావాలి. ప్రభుత్వం నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లో మొదటి దశలో 2,343 టవర్లు కట్టింది. వాటిని 2జీ నుంచి 4జీకి మార్చడానికి 2022లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మంచిదే. అయితే వాటిని భద్రతా అవసరాల స్థలాలుగా కాగితాల్లో రాసుకున్నారు. అక్కడ టవరు శిబిరం వెంట వస్తుంది. శిబిరంతో వచ్చిన మాట శిబిరం మాటగానే ఉంటుందేమో అన్న శంక ఊళ్ళో ఉంటే దానికి ఊరిని తప్పుపట్టలేం.

భద్రత చూసే అధికారులతో ఈ విషయం కదిపితే వచ్చే మొదటి మాట దుర్వినియోగం. వాళ్ళ భయాన్ని నేను కొట్టిపారేయను, ఆ రోడ్ల మీద మందుపాతరలకు పోయిన ప్రాణాలు కళ్ళముందున్నాయి. అయినా ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో వాళ్ళు ఒక్కసారి చూడాలి. ఎఫ్‌టీ8 సందేశంలో పంపినవాడి పేరు ఉంటుంది, పిలుపులోనైతే ఆ వెంటనే వాడి గడి. రహస్య సంకేతాలు నిషిద్ధం. ఎవరి దగ్గర రిసీవరు ఉన్నా, నాగపూరులో ఉన్నా నార్వేలో ఉన్నా, అదే క్షణంలో ఆ సందేశాన్ని చదవగలరు, పటం మీద చుక్క పడుతుంది. దాక్కోవాలనుకునేవాడు తన పేరూ ఊరూ ప్రపంచానికి కేకవేసి చెప్పే సాధనాన్ని ఎంచుకోడు. పౌరుల చేతిలోని మాటసాధనాల్లో ఇంత బాహాటమైనది నాకు మరొకటి తెలియదు. జేబులో ఉన్న మామూలు ఫోనులో, అక్షరం అక్షరం తాళం వేసి పంపే యాప్‌లు ఉన్న ఈ రోజుల్లో, పది మీటర్ల తీగను చూసి బెదరడం పాత అలవాటు మాత్రమే.

అవసరం ఉందా అంటే, ఉంది. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. గోదావరి నిండితే శబరి వెనక్కి ఎగదన్నుతుంది, కొంటా, చింతూరు మునుగుతాయి, జగదల్‌పూర్ నుంచి విజయవాడ వైపు వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారి తెగిపోతుంది. పోలవరం పూర్తయ్యాక ఆ ముంపు ఎంతవరకు వస్తుందన్న తగాదా రాష్ట్రాల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. రోడ్డు తెగి, కరెంటు పోయి, టవరు బ్యాటరీ దిగిపోయిన మూడో రోజు సంగతి ఆలోచించండి. కొంటా నుంచి హైదరాబాదు గాలిదారిన మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. 7 మెగాహెర్ట్జ్ మీద, తీగను కావాలనే తక్కువ ఎత్తులో, మనిషికి రెండింతల ఎత్తున కడితే తరంగం దాదాపు నిటారుగా పైకి వెళ్ళి చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్లలో వానలా దిగుతుంది. కొండలు అడ్డురావు. దానికి ఒక కారు బ్యాటరీ, చిన్న సోలారు పలక సరిపోతాయి. 2018లో వచ్చిన జేఎస్8 అనే పద్ధతిలో ఎఫ్‌టీ8లాగే రొదలోంచి వినగలిగే సిగ్నల్‌తో వాక్యాలే పంపవచ్చు. ఇవ్వాళ కాలేజీ కుర్రాడు నెలరోజుల్లో నేర్చుకోగలిగిన పని ఇది. 1999 ఒడిశా తుపానులో, 2001 భుజ్ భూకంపంలో హామ్‌లు చేసిన పని ప్రభుత్వ నివేదికలకు కొత్త కాదు. బెంగాల్‌లో ఒక రేడియో క్లబ్బు గంగాసాగర్ మేళాలో తప్పిపోయినవాళ్ళను ఏటా ఇళ్ళకు చేరుస్తోంది.

సుక్మాలోనో కొంటాలోనో ఒక కాలేజీకి క్లబ్ స్టేషన్ లైసెన్సు ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక గది, ఒక ఉపాధ్యాయుడు, పదిమంది పిల్లలు చాలు. కావాలంటే లాగ్‌బుక్కు రోజూ పోలీసులే చదువుకోవచ్చు, అందులో దాచేది ఏమీ ఉండదు. నక్సలిజం అంతానికి 2026 మార్చి 31ని కేంద్ర హోంమంత్రి గడువుగా ప్రకటించారు. ఆ గడువు గురించి ఢిల్లీలో లెక్కలేనన్ని చర్చలు విన్నాను. ఎన్ని శిబిరాలు, ఎందరు లొంగిపోయారు, ఎన్ని కిలోమీటర్ల రోడ్డు. అక్కడి పౌరుడి చేతికి ఏయే వస్తువులు మామూలు వస్తువులుగా తిరిగి వస్తాయన్న జాబితా మాత్రం ఎవరూ చదవగా వినలేదు. ఆ జాబితాలో ట్రాన్స్‌మీటరు చివరనే ఉండవచ్చు. ఉండాలి మాత్రం.

ఆ కుర్రాడు అప్పుడప్పుడు ఫోను చేస్తుంటాడు, ఇప్పచెట్టు దగ్గర నుంచే. ఓమ్ సూత్రం వాడికి ఇంటర్ ఫిజిక్సులోనే వచ్చు. మోర్స్ అక్కర్లేని రిస్ట్రిక్టెడ్ గ్రేడు ముందు రాయమన్నాను. నిబంధనల భాగం ఇంగ్లీషులో ఉండటం కష్టంగా ఉందన్నాడు, కొంత తెలుగులో చెప్పి రికార్డు చేసి పంపాను. తీగ రెండు తాటిచెట్ల మధ్య కడితే సరిపోతుందా అని అడిగాడు, దూరం కొలిచి కూడా ఉంచాడు. పోయినసారి అడిగింది చిరునామా గురించి.

"ఆధార్‌ల భద్రాచలం హాస్టల్ అడ్రసుంది సార్. ఇల్లు ఇక్కడుంది. దరఖాస్తుల ఏది రాయమంటరు?"

ఇంటిదే రాయమన్నాను. అట్లయితే ముందు ఆధార్ మార్పించుకోవాలి, అందుకు కొంటా వెళ్ళాలన్నాడు. అప్పటికి శబరి పొంగి రోడ్డు మీద నీళ్ళున్నాయి. తగ్గాక వెళ్తానన్నాడు.